పీఠము, ప్రజలు, దస్త్రము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



ఈ ఉత్సవమున నన్నుగూడ నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించిరి. నేను పట్టభద్రుడను గాను. పగలు లెక్కలు వ్రాయుట నా వృత్తి. రాత్రి దీపము ముందు భారత భాగవతములు చదువుకొనుట నా వ్యసనము. కావున పెద్దలు నానుండి పురాణ ప్రసంగమునే ఎదురుచూచియుందురు. నేడు మాత్రము సముద్రముల కావలనున్న బ్రెజిలు దేశపు మతాచార్యు నొకనిగూర్చి చెప్పదలచితిని. ఆయన పేరు పావులో ఎవరిస్తో ఆర్న్స్. సావోపాలో మహానగరమునకు 28 సంవత్సరములు కథోలిక అగ్రపీఠాధిపతిగా నుండెను. ఆయన తన పీఠమునకు చెందిన భవనమును అమ్మి, ఆ ధనముతో పేదల వాడలలో చావడులు కట్టించెను. ప్రభుత్వము మరుగుపరచిన దస్త్రములకు నకళ్లు తీయించి లోకమునకు చూపెను. తుదకు ఆయన యేలుబడిలోని ప్రాంతమునే పైవారు ముక్కలుగా విభజించిరి. రజతోత్సవ నిధిని దేనికి వినియోగింపవలెనని మన ఊరిలో చర్చ జరుగుచున్న ఈ దినములలో ఆ చరిత్ర మనకు పనికివచ్చునని నా నమ్మకము.

మొదట కథోలికుల పాలనా విధానము కొంత తెలియవలెను. పేటలోని సోదరులకు ఇది తెలిసినదే. తక్కినవారికొరకు మనవి చేయుచున్నాను. కొన్ని గ్రామములు చేరి ఒక విచారణ యగును. దానికి విచారణ గురువు అధికారి. పెక్కు విచారణలు చేరి ఒక మేత్రాసనము. దానికి పీఠాధిపతి, అనగా బిషప్పు, అధికారి. ముఖ్యమైన మేత్రాసనమును అగ్రపీఠమందురు. పీఠాధిపతులను నియమించుటయు, మేత్రాసనముల హద్దులు నిర్ణయించుటయు రోమునగరమందలి పోపుగారి చేతిలోని పనులు. జనము పెరిగినకొలది మేత్రాసనములను విభజించుట వారిలో పరిపాటి. మన తెలుగునాటనే 1940లో నెల్లూరు మేత్రాసనమునుండి గుంటూరును, 1976లో విజయవాడనుండి ఏలూరును వేరుచేసిరి. పోపుగారికి ఆలోచన చెప్పు పెద్దలను కార్డినళ్లందురు; వారిలో 80 ఏండ్లు దాటనివారికి కొత్త పోపును ఎన్నుకొను హక్కు కలదు. హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల అంతోనిగారు 2022 ఆగస్టు 27వ తేదీన కార్డినలైరి. తెలుగువారిలో ఆ పదవి నందిన ప్రథములు వారే; దళితులలోను ప్రథములు వారే. కనుక ఈ మాటలు మనకు మరీ దూరపు మాటలు కావు.

ఇక ప్రస్తుతమునకు వచ్చెదను. ఆర్న్స్ 1921లో దక్షిణ బ్రెజిలులోని ఫోర్కిలీన్య అను చిన్న ఊరిలో, జర్మనీనుండి వలసపోయినవారి వంశమున, 13 మంది బిడ్డలుగల ఇంట జన్మించెను. దరిద్రులనే తోబుట్టువులనుకొన్న పునీత ఫ్రాన్సిసు స్థాపించిన సన్న్యాసుల సభలో చేరి, 1945లో గురుపట్టము పొందెను. పిమ్మట పారిసు విశ్వవిద్యాలయమున పరిశోధన చేసి 1953లో ఒక గ్రంథమును అచ్చువేయించెను. దాని విషయము గ్రంథాలయ సభలో చెప్పదగినది. సుమారు పదునారు వందల యేండ్ల క్రిందట బైబిలును లాటిను భాషలోనికి తెచ్చిన పునీత జెరోము కాలమున పుస్తకము ఎట్లు తయారగుచుండెను? దేనిమీద వ్రాయుచుండిరి, లేఖకునిచేత ఎట్లు వ్రాయించుచుండిరి, నకళ్లు ఎట్లు ప్రచారమగుచుండెను, ఎక్కడ భద్రపరచుచుండిరి? ఇవి ఆయన పరిశోధించిన సంగతులు. తాళపత్రములపై గంటముతో వ్రాసి, ప్రతులు తీసి, చెదలంటకుండ కాపాడిన లేఖకుల సంతతికి చెందిన మనకు ఈ పరిశోధన విలువ వేరుగ చెప్పనక్కరలేదు. ఒక్క ప్రతియే యున్న గ్రంథము ఒక్క నిప్పురవ్వకు ఆహుతియగును. నాలుగు చోట్ల నకళ్లున్న గ్రంథము నిలుచును. ఈ యెరుక కొన్నేండ్లకు ఆయనకు మరియొక విధముగ ఉపయోగపడినది.

1964లో బ్రెజిలు సైన్యము ప్రభుత్వమును చేజిక్కించుకొన్నది. మొదట మతాచార్యులలో పలువురు సైనికులను స్వాగతించిరి. 1968 డిసెంబరులో వెలువడిన శాసనముతో పాలకులు పార్లమెంటును మూసిరి. రాజకీయ నేరము మోపబడినవాడు తన నిర్బంధము న్యాయమా కాదాయని కోర్టువారిని విచారింపుమని కోరు హక్కును తీసివేసిరి. పత్రికలకు సంకెళ్లు పడినవి. విద్యార్థులను, కార్మికులను, పాత్రికేయులను, మతగురువులను సైతము పట్టుకొనిపోయి హింసించిరి. సావోపాలోలో 1966నుండి సహాయ పీఠాధిపతిగా నున్న ఆర్న్స్ 1970లో అగ్రపీఠాధిపతియయ్యెను, 1973లో కార్డినలయ్యెను.

ఆ నగరము మన ఊహకు అందునది కాదు. ఈశాన్య బ్రెజిలులో వానలు లేక, భూములు లేక వలసవచ్చిన జనము నగరపు అంచులలో రేకులతో, చెక్కలతో గుడిసెలు వేసికొనిరి. నీరు లేదు, మురుగుకాలువ లేదు, బడి లేదు. నగరమధ్యమున అగ్రపీఠాధిపతి నివాసమైన ప్రాసాదమున్నది. 1973లో ఆర్న్స్ ఆ ప్రాసాదమును అమ్మివేసి తాను సామాన్యమైన ఇంట కాపురముండెను. వచ్చిన ధనముతో అంచువాడలలో స్థలములు కొని సామూహిక కేంద్రములు కట్టించెను. అవి పెద్ద దేవాలయములు కావు. ఉదయము బిడ్డలకు చదువు, మధ్యాహ్నము స్త్రీలకు కూడలి, రాత్రి కార్మికులకు చర్చ, ఆదివారము దివ్యపూజ జరుగు చావడులు. లెక్కలు వ్రాయువాడనుగా ఈ పద్దును నేనిట్లు చదువుదును: ఖర్చు వ్రాసినది ఒక భవనము, జమ వ్రాసినది వేలకొలది జనము కూర్చుండి మాటలాడుకొను నీడ.

రెండవపని అధికారమును పంచుట. అంత నగరమును ఒక్క కుర్చీనుండి చూచుట అసాధ్యమని ఆయన గ్రహించి, తన అగ్రపీఠమును కొన్ని మండలములుగా చేసి, ఒక్కొక్క మండలమును ఒక్కొక్క సహాయ పీఠాధిపతికి అప్పగించెను. అందరును కలిసి ఆలోచించి నాలుగు పనులకు ప్రాధాన్యమిచ్చిరి: పేదల చిన్నచిన్న భక్తసమాజములు, మానవుల హక్కులు, కార్మికుల సమస్యలు, అంచువాడల బాగు. మండలములు పెక్కు, ప్రణాళిక ఒక్కటి. ఈ మాటను గుర్తుంచుకొనుడు. కథ చివర దీనితో పనియున్నది.

1971లో ఒక మతగురువును, ఆయనతో పనిచేయుచున్న సమాజసేవకురాలిని పోలీసులు పట్టుకొని హింసించిరి. ఆర్న్స్ స్వయముగా ఆ సంగతి విచారించెను. పత్రికలలో వేయించుటకు వీలులేదు గనుక, జరిగినది జరిగినట్లు వ్రాయించి నగరమందలి దేవాలయముల తలుపులకు అంటింపజేసెను. దండోరా వేయనీయనిచోట తలుపే దండోరా యయ్యెను. 1972లో న్యాయవాదులతో ఒక న్యాయ శాంతి సంఘమును ఏర్పరచెను. బిడ్డలేమైరో తెలియని తల్లులు దాని గుమ్మమున బారులు తీరిరి. 1973లో ప్రభుత్వము అగ్రపీఠమువారి రేడియో నిలయమును మూయించెను.

1975 అక్టోబరు 25వ తేదీన వ్లదిమిర్ హెర్జోగ్ అను పాత్రికేయుడు విచారణకని పిలువగా తానై సైనిక కార్యాలయమునకు వెళ్లెను. ఆ దినమే అక్కడ మరణించెను. ఉరిపోసికొని చనిపోయెనని సైనికులు ప్రకటించిరి. ఆయన యూదుడు. యూదుల ఆచారమున ఆత్మహత్య చేసికొన్నవారిని శ్మశానమున వేరుగ పాతిపెట్టుదురు. హెన్రీ సోబెల్ అను యువ యూదగురువు హెర్జోగ్‌ను అట్లు వేరుపరచుటకు అంగీకరింపలేదు. అది మౌనముగ చెప్పిన తీర్పు. ఆరు దినములకు, అక్టోబరు 31న, ఆర్న్స్ తన ప్రధాన దేవాలయమునే ఆ యూదుని స్మారక ప్రార్థనకు తెరచెను. కార్డినల్ ఆర్న్స్, యూదగురువు సోబెల్, ప్రెస్బిటేరియను పాదిరి జైమి రైట్ ముగ్గురును ఒక్క వేదికపై నిలిచిరి. పోలీసులు నగరమంతట దారులు కట్టివేసినను సుమారు 8,000 మంది వచ్చిరి. సైనికపాలనకు భయపడిన జనము అంత పెద్ద సంఖ్యలో కూడుట అరుదైన కాలమది. చనిపోయినవాడు మనవాడా, పరాయివాడా యని ఆ అగ్రపీఠాధిపతి అడుగలేదు. రంతిదేవుడు నలుబది యెనిమిది దినముల ఉపవాసము తరువాత దొరికిన కాసిన్ని నీళ్లను పంచునపుడు దోసిలిపట్టినవాని కులమడిగెనా?

1979 అక్టోబరు 30వ తేదీన శాంతు అమారు ప్రాంతమున సమ్మె జరుగుచుండగా సాంతు దియాస్ అను కథోలిక కార్మికుడు పోలీసు గుండుకు నేలకొరిగెను. ఆయన శవయాత్రయు ఆ ప్రధాన దేవాలయమునకే నడచినది.

ఇప్పుడు నా మనసున కెక్కువ హత్తుకొన్న సంగతి చెప్పెదను. 1979లో వెలువడిన క్షమాభిక్షా చట్టము తరువాత, రాజధానియందలి సర్వోన్నత సైనిక న్యాయస్థానమున భద్రపరచిన అభియోగముల కట్టలను న్యాయవాదులు 24 గంటలకు బయటికి తీసికొనిపోవుటకు వీలు కలిగినది. ఆ కట్టలలో ఖైదీల వాఙ్మూలములున్నవి. తమ్మెట్లు హింసించిరో న్యాయాధిపతుల యెదుట వారు చెప్పినమాటలు గుమాస్తాల చేతిమీదుగా వ్రాతకెక్కియున్నవి. అనగా నేరము నేరస్థుని దస్త్రములోనే నమోదై యుండెను! ఆ కట్టలను ఎవరైన తగులబెట్టినచో సాక్ష్యమేలేదు. అందుచేత ఆర్న్స్, జైమి రైట్ ఇరువురును రహస్యముగ ఒక పని తలపెట్టిరి. రైట్ తమ్ముడు 1973లో పాలకులచేత మాయము చేయబడినవారిలో ఒకడు. ప్రపంచ క్రైస్తవ సంఘముల సమాఖ్య ధనసహాయము చేసినది. న్యాయవాదులు కట్టలు తెచ్చుట, నకలు యంత్రములు ఆగక తిరుగుట, గడువులోపల కట్టలను తిరిగి అప్పగించుట, ఇట్లు 707 అభియోగములు, పదిలక్షల పుటలకు నకళ్లు సిద్ధమైనవి. వానిని సూక్ష్మచిత్రములుగా తీసి దేశము దాటించిరి. సారమును సంగ్రహించి 1985 జులైలో, సైనికపాలన ముగిసిన కొలది నెలలకే, 'బ్రెజిలు: ఇక నెన్నడును వలదు' అను అర్థముగల పేరుతో అచ్చువేసిరి. జనము ఎగబడి కొనిరి.

జెరోము కాలపు నకళ్లను గూర్చి చదివినవాడు తన కాలపు నకళ్లను తీయించెను. ఆ దస్త్రములు ఏమైనవందురా? 2011లో విదేశములనుండి తిరిగి స్వదేశము చేరినవి. 2013నుండి ఎవరైనను అంతర్జాలమున చదువుకొనవచ్చును. 2014 డిసెంబరులో జాతీయ సత్యనిర్ణయ సంఘము ప్రకటించిన నివేదికలో చనిపోయినవారు, మాయమైనవారు 434 మంది పేర్లు చేర్చబడినవి. హెర్జోగ్ మరణపత్రము 2013లో కోర్టు ఆజ్ఞచేత దిద్దబడినది: సైనిక కార్యాలయమున కలిగిన గాయములచేత మరణము అని. ఒక్క పద్దు దిద్దుటకు 38 సంవత్సరములు పట్టినది. అయినను దిద్దబడినది గదా!

ఇక విభజన సంగతి. 1989 మార్చిలో పోపు రెండవ జాన్ పాల్ సావోపాలో అగ్రపీఠమును విభజించి ఓసాస్కు, కాంపు లింపు, శాంతు అమారు, సావో మిగెల్ పౌలిస్త అను నాలుగు కొత్త మేత్రాసనములను ఏర్పరచెను. సాంతు దియాస్ నెత్తురు చిందిన శాంతు అమారు అందులో ఒకటి. ఆర్న్స్‌కు నగరమధ్యమును, కొన్ని ప్రాంతములును మిగిలినవి. ఆయన ఏండ్లతరబడి శ్రమించిన అంచువాడలలో చాలభాగము చేయిజారినది. ఆయన పలుకుబడిని తగ్గించుటకే ఇట్లు చేసిరని ఆ దేశమున పలువురు తలచిరి.

లెక్కలవాడు ఒక పక్షము మాత్రమే వ్రాయరాదు. రోమువారి పక్షమునను న్యాయమున్నది. కోటికి మించిన జనమునకు ఒక్క పీఠాధిపతి యెట్లు చాలును? ప్రజలకు దగ్గరగ అధికారి యుండుట మేలే. మన రాష్ట్రమున 2022 ఏప్రిలులో 13 జిల్లాలను 26 చేసినపుడు చెప్పిన కారణమును ఇదియే. ఆర్న్స్ కూడ విభజన వలదనలేదు. నగరము ఒక్కటి గనుక కొత్త మేత్రాసనములు ఒండొంటిని అంటిపెట్టుకొని, ఉమ్మడి ప్రణాళికతో నడువవలెనని ఆయన కోరెను. ఇచ్చినది వేరువేరు మేత్రాసనములు. భేదము చిన్నదిగా కనబడును గాని చిన్నది కాదు. అంచువాడలో నిద్రించి నగరమధ్యమున కూలిచేయు మనుష్యునకు నగరము ఒక్కటే. సంపద ఒకచోట, దారిద్ర్యము మరియొకచోట నుండగా నడుమ గీత గీచినచో, సంపద గలవాడు దరిద్రుని తన లెక్కలోనుండి కొట్టివేసికొనుట సులభమగును. అన్నదమ్ముల పంపకములు మనమెరుగుదుము. పొలము పంచుకొందురు, పాడి పంచుకొందురు. ముసలితల్లి యెవరి వంతను మాటవద్ద దస్తావేజు ఆగిపోవును. ఏ విభజనయైనను న్యాయమా అన్యాయమా యని తెలిసికొనుటకు ఆ తల్లి సంగతియే గీటురాయి.

ఆర్న్స్ పోపు ఆజ్ఞకు లోబడెను, పీఠము విడిచిపోలేదు. మిగిలిన ప్రాంతములో 1998 వరకు పనిచేసి పదవీ విరమణ చేసెను. కొన్నిచోట్ల ఆయన నాటిన పనులు కొత్త అధికారుల కాలమున సన్నగిల్లినవి. ప్రజల చేతికి అప్పగించిన పనులు మాత్రము నిలిచినవి. ఆయన సోదరి జిల్డా ఆర్న్స్ అను శిశువైద్యురాలు 1983లో ప్రారంభించిన శిశుసంరక్షణ సేవ అందుకు తార్కాణము. వాడలోని తల్లులకే ఉప్పు, చక్కెర కలిపిన నీటితో అతిసారమునుండి బిడ్డలను కాపాడుట నేర్పి, వారిచేతనే ఇరుగుపొరుగునకు నేర్పించిన ఉద్యమమది. ఆమె 2010 జనవరిలో హైతీ భూకంపమున అసువులు బాసెను, సేవ ఆగలేదు. ఆర్న్స్ 2016 డిసెంబరు 14న, 95 యేండ్ల వయసున కన్నుమూసెను. 'ఆశనుండి ఆశకు' అనునది ఆయన పదవీముద్రపై వ్రాయించుకొన్న మాట.

పాఠక మహాశయులారా! చిత్రగుప్తుని చిట్టాలో ఎవని యేలుబడి ఎన్ని ఊళ్లని పద్దు ఉండదని నా తలంపు. ఎవరికి తలుపు తెరచెను, ఎవరి పేరు చెరిగిపోకుండ కాపాడెను అను రెండు పద్దులే యుండును. ఈ రెండింటిని మన గ్రంథాలయమునకును వర్తింపజేసికొందము.

రజతోత్సవ నిధితో ఈ భవనముపై మేడ వేయవలెనని కొందరు పెద్దలు తలచుచున్నారు. వారి అభిమానమును నేను శంకింపను. కాని చందాదారుల పట్టికను విప్పి చూడుడు. పేటలోనివారి పేర్లు వేళ్లపై లెక్కింపవచ్చును. చదువరులు అక్కడ లేక కాదు. అక్కడి పిల్లలు మన బడిలోనే మొదటి తరగతులలో ఉత్తీర్ణులగుచున్నారు. పగలు కూలికిపోయి చీకటిపడి ఇంటికి వచ్చు తల్లికి, బిడ్డకు ఈ గుమ్మము దూరము. కొందరికి అది అడుగుల దూరము, కొందరికి మనసుల దూరము. మేడకు బదులు పేటలో ఒక చిన్న పఠనమందిరము వేసి, రాత్రి తొమ్మిది గంటల వరకు దీపము వెలుగనిచ్చి, దాని నిర్వహణమును ఆ వాడ యువకులకే అప్పగింపుడని నా ప్రార్థన. అప్పగించునపుడు అది వేరు, ఇది వేరు అను గీత గీయవలదు. పుస్తకముల పట్టిక ఒక్కటే యుండవలెను, చందా ఒక్కటే యుండవలెను, కార్యవర్గమున వారికి సరియైన వంతు ఉండవలెను. లేనిచో మనము ఇచ్చినది గ్రంథాలయము కాదు, హద్దురాయి.

రెండవ మనవి. ఈ ఇరువదియైదేండ్ల చేరిక పుస్తకములు, సభల తీర్మానములు, దాతల జాబితాలు బీరువా అడుగున నలుగుచున్నవి. ఊరి కరవు, తుపాను, కూలిరేట్ల తగవు, బావినీళ్ల తగవు, వాని పరిష్కారము, ఇవన్నియు ఏ చరిత్రకారుడును వ్రాయడు, మనమే వ్రాసికొనవలెను. వ్రాసినదానికి రెండు నకళ్లు తీసి ఒకటి ఇక్కడ, ఒకటి పేట మందిరమున ఉంచవలెను. పనిచేయగలవారు ముందుకు వచ్చినచో ఆ నకళ్లు వ్రాయు భారము నేను వహింతును, ప్రతిఫలమక్కరలేదు.

నిధి విషయము నిర్ణయింపబోవు వచ్చే సర్వసభ్య సమావేశమునకు పేటలోని చందాదారులనుగూడ పేరుపేరున పిలువవలసినదిగా కార్యదర్శిగారిని కోరుచు, సెలవు తీసికొనుచున్నాను.